వాయిదాకు వెళ్లలేదని దావా కొట్టేశారు, మళ్లీ వేయొచ్చా?

ప్రశ్న: పొలం కొనడానికి 2021లో అగ్రిమెంట్ రాయించుకుని అడ్వాన్స్ ఇచ్చాను. అవతలివాళ్లు రిజిస్ట్రేషన్ చేయకపోవడంతో దావా వేశాను. నాన్నగారికి పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో ఉండటంతో ఒక వాయిదాకు వెళ్లలేకపోయాను. మా లాయరు కూడా ఆ రోజు కోర్టుకు రాలేదట. దావా డిస్మిస్ అయిందని నిన్ననే తెలిసింది. అప్పటికే 64 రోజులు గడిచాయి. కొత్తగా దావా వేసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ రోజు డాకెట్‌లో (కేసు విచారణ నమోదు చేసే కోర్టు రికార్డులో) జడ్జిగారు ఏం రాశారో చూడండి. మీ జవాబంతా అందులోనే ఉంది. ఇరుపక్షాలూ రాకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 3 కింద కొట్టేస్తారు. అప్పుడు కాలపరిమితి మిగిలి ఉంటే కొత్త దావా వేయొచ్చు, లేదా పాతదాన్నే రిస్టోర్ చేయమని, అంటే తిరిగి విచారణకు తీసుకోమని అడగొచ్చు. ప్రతివాది హాజరై మీరు మాత్రమే రాకపోతే అది రూల్ 8. అదే వివాదం మీద కొత్త దావాను రూల్ 9 ఒప్పుకోదు. ఆ రూల్ 9 కిందే పిటిషన్ వేసి పాత దావాను బతికించుకోవడమే దారి. అగ్రిమెంట్ 2021 నాటిది కాబట్టి, అలాంటి దావాకు ఉన్న మూడేళ్ల గడువు కూడా మీకు దాటిపోయి ఉండొచ్చు. అందుకే ఏ రూల్ కింద కొట్టేసినా రిస్టోరేషన్ పిటిషన్ వేయడమే నా సలహా.

దీనికి గడువు 30 రోజులు. మీకు తెలిసిన రోజు నుంచి కాదు, డిస్మిస్ చేసిన రోజు నుంచి. అంటే మీకు ఇప్పటికే 34 రోజులు ఆలస్యమైంది. రిస్టోరేషన్ పిటిషన్‌తో పాటు లిమిటేషన్ (కాలపరిమితి) చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్ వేయాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. రాలేకపోయిన కారణం ఒకటి, ఆలస్యానికి కారణం మరొకటి. రెండింటికీ వేర్వేరుగా సమాధానం ఉండాలి.

అఫిడవిట్‌లో 'అనారోగ్య కారణాల వల్ల' అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టకండి. నాన్నగారిని ఏ తేదీన చేర్చారు, ఎప్పుడు డిశ్చార్జి చేశారు, చూసుకోవడానికి ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా, కేసు పోయిందని మీకు ఎవరు చెప్పారు, అన్నీ రాయండి. డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు జతచేయండి. ఆలస్యమైన ప్రతిరోజుకూ లెక్క చెప్పాలన్న సూత్రాన్ని మరీ బిగించి చూడకూడదని 1987లో కాటిజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతమాత్రాన అబద్ధాన్ని ఒప్పుకోరు. దొంగ మెడికల్ సర్టిఫికెట్ మాత్రం పెట్టొద్దు. మీకున్న నిజమైన కారణం చాలా బలమైనది, దాన్ని మీరే పాడుచేసుకోవద్దు.

రూల్ 9 పిటిషన్ అయితే అవతలివాళ్లకు నోటీసు ఇవ్వనిదే కోర్టు ఉత్తర్వు ఇవ్వదు. వాళ్లు కౌంటరు (అభ్యంతరాలతో రాతపూర్వక జవాబు) వేస్తారు, టెన్షన్ పడకండి. ఖర్చులు కట్టమని షరతు పెడితే ఆ తేదీలోగా కట్టేయండి, తప్పితే చేతికొచ్చింది జారిపోతుంది. రూల్ 9 పిటిషన్ కొట్టేస్తే ఆర్డర్ 43 కింద అప్పీలు ఉంది.

డిస్మిస్ ఆర్డరు సర్టిఫైడ్ కాపీకి రేపే దరఖాస్తు పెట్టండి. ఆ 34 రోజులు రోజూ పెరుగుతూనే ఉంటాయి.