కచ్ఛపానికి కచ్చ ఉందా?

సందేహం: పత్రికలో ‘ఫ్లాప్‌షెల్ తాబేలు’ అని చదివాను. దాన్ని తెలుగులో ఏమనాలి? కచ్ఛపం అనవచ్చునా? ‘తాబేలు చిప్ప’, ‘తాబేటిచిప్ప’లలో ఏది సాధువు?

సమాధానం: ‘కూర్మే కమఠకచ్ఛపౌ’ అని అమరకోశం రాసిన అమరుడు మూడు మాటల్నీ ఒకే గాటన కట్టేశాడు. కచ్ఛపమన్నంత మాత్రాన ఏ జాతో తేలదు. అయినా ఆ మాట కదిపింది మీరే, వినక తప్పదు.

వేదపదాల పుట్టుక చెప్పే నిరుక్తంలో యాస్కుడు దాన్ని మూడు రకాలుగా విరిచాడు: కచ్ఛం పాతి (కచ్ఛాన్ని కాచేది), కచ్ఛేన పాతి, కచ్ఛేన పిబతి (కచ్ఛంతో తాగేది). నాకు రెండోదంటే మోజు. ‘కచ్ఛంతో తన్ను కాచుకొనేది’ అని. కచ్ఛమంటే కప్పేది; ఏటి ఒడ్డు కచ్ఛమైంది కూడా నీరు దాన్ని కప్పడం వల్లనేనట. ఇక పంచెకు వెనక దోపే కచ్చ మనకు తెలిసిందే.

ఇప్పుడు మీ తాబేటిని వెనకనుంచి చూడండి. కాళ్లు లోపలికి లాక్కోగానే అడుగుచిప్ప నుంచి రెండు చర్మపు మడతలు లేచి సందులు మూసేస్తాయి. అచ్చం కచ్చ బిగించినట్టే! ముందువైపు అడుగుచిప్ప కూడా తలుపులా పైకి లేస్తుంది. యాస్కుడు దీన్ని చూసే రాశాడని వాదించను గాని, చూసి ఉంటే సంతోషించేవాడు.

పోతన కూర్మానిది కఠోర కర్పరం, గట్టి చిప్ప. మీ తాబేటి వీపున పెంకులే లేవు, ఎముక మీద తోలు. విలేకరులు ఇలాంటి వాటిని ‘మృదుకవచ తాబేళ్లు’ అంటున్నారు. మెత్తనైతే అది కవచమెలా అవుతుంది నాయనా? చెరువులు, కాలవలు, వరిమళ్లు దీని నెలవు. నత్తలూ కప్పలూ తింటుంది, చచ్చిన చేపల్నీ వదలదు. చెరువెండితే బురదలో దూరి వానకోసం కాచుకుంటుంది. అక్కడా వదలక మాంసానికి తవ్వి తీసేవాళ్లున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలు ప్రాణి. పట్టినా అమ్మినా నేరమే. కనక ‘పెంపుడు తాబేలు’ అనే సమాసం, దీని విషయంలో, వ్యాకరణానికి ఒప్పినా చట్టానికి ఒప్పదు.

పేరంటారా, ‘కచ్చతాబేలు’ అనాలని నా ముచ్చట. ‘మడతచిప్ప తాబేలు’ అన్నా తప్పుపట్టను. జాలరుల నోట వేరే మాట ఉంటే ఈ రెంటికన్నా అదే మేలు కావచ్చు. ‘తాబేలు’ ఔపవిభక్తికం, అంటే విభక్తి ముందు ‘తాబేటి’గా మారే మాట, కనక ‘తాబేటిచిప్ప’ సాధువు. ‘తాబేలు చిప్ప’ వాడుకలో చెల్లిపోతోంది. ‘తాబేలు యొక్క చిప్ప’ అని మాత్రం రాయకండి.