మిల్లు యజమాని జీవితం రాయబోయే అమ్మాయికి

చిరంజీవి సరళకు పెద్దనాన్న ఆశీస్సులు.

మాంచెస్టర్‌లో చదువుకుంటూ నూలు మిల్లు యజమాని శామ్యూల్ గ్రెగ్ జీవితం రాయాలని పూనుకున్నావట, మంచిదే. అయితే 1758లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడంటూ మొదలుపెట్టకు. ముందు మాంచెస్టర్ దగ్గరి స్టయల్ ఊరికి వెళ్ళి, బోలిన్ ఏటి ఒడ్డున 1784లో ఆయన పెట్టిన క్వారీ బ్యాంక్ నూలు మిల్లు చూడు. 1939 నుంచి అది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది.

మిల్లు పక్కనే ఆయన ఇల్లు, తోట కనిపిస్తాయి. అంత సంపన్నుడు అక్కడెందుకు ఉన్నాడనేదే నీ మొదటి ప్రశ్న కావాలి. యంత్రాలను తిప్పింది ఏటి నీరు. నీళ్ళున్న చోట జనం లేరు. అందుకే వర్క్‌హౌస్‌ల నుంచి, అంటే దిక్కులేని పేదలను ఉంచి పని చేయించే ఆశ్రయాల నుంచి, నిరుపేద పిల్లలను తెచ్చుకుని, 1790లో వాళ్ళు ఉండడానికి అప్రెంటిస్ హౌస్ అనే ఇల్లు కట్టించాడు. కూలికి బదులు తిండి, బట్ట, పడక.

ఇక్కడే జాగ్రత్త. పిల్లలకు వైద్యుణ్ణి పెట్టాడు, భార్య హానా వాళ్ళ చదువు పట్టించుకుంది. ఇవి నిజాలే. చదివేవాడికి ‘ధర్మప్రభువు’ అన్న మాట వెంటనే నోటికొస్తుంది. ఆ మాట రాసేముందు 1806లో ఆ మిల్లు నుంచి పారిపోయిన పిల్లలు థామస్ ప్రీస్ట్‌లీ, జోసెఫ్ సెఫ్టన్‌ల వాంగ్మూలాలు చదువు. ప్రీస్ట్‌లీ వేలు యంత్రంలో పడి తెగిపోయింది. అమ్మను చూడాలని ఇద్దరూ లండన్ దాకా వెళ్ళారు. తిండి గురించి వాళ్ళకు పెద్ద ఫిర్యాదు లేదు. నాకైతే అదే ఎక్కువ బాధ కలిగించింది.

తర్వాత డబ్బు వెంట నడువు. గ్రెగ్‌కు కరీబియన్ సముద్రంలోని డొమినికా ద్వీపంలో హిల్స్‌బరో అనే చెరకు తోట ఉండేది. అక్కడ పనిచేసినవాళ్ళు బానిసలు. ఆయన పోయిన 1834లోనే బ్రిటిష్ వలసల్లో బానిసత్వ రద్దు అమల్లోకి వచ్చింది. పరిహారం దక్కింది మాత్రం యజమానులకు. మిల్లును, తోటను వేర్వేరు అధ్యాయాల్లో పెట్టకు. ఒకే మనిషి, ఒకే ఇంట్లో కూర్చుని, రెండింటి లెక్కలూ చూశాడు.

ఆనాటి పౌండ్లను నేటి రూపాయల్లోకి మార్చి పాఠకుణ్ణి బెదరగొట్టకు. ఆ లెక్కలెప్పుడూ నిలవవు. ఆయన రాబడి పక్కన అదే ఏడాది ఒక కార్మికురాలి వారపు కూలి రాయి, చాలు. మిల్లు పాత పత్రాలు మాంచెస్టర్ సెంట్రల్ లైబ్రరీలో ఉన్నాయి. ముందుగా అడిగి వెళ్ళు, పెన్సిల్ తీసుకెళ్ళు, పెన్ను లోపలికి రానివ్వరు.

హానా గురించి రాసిన భాగం మొదట నాకు పంపు.

మీ పెద్దనాన్న