డిసెంబరు గ్లాసులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఏడాది చివరి వారాలు దగ్గరపడేసరికి ప్రశ్నల్లో సగం వేడి వైన్ మీదే వచ్చాయి. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

ప్రశ్న: మసాలా దినుసులు వేసి రెడ్ వైన్‌ని వేడి చేస్తే ప్రతిసారీ కషాయంలా, చేదుగా వస్తోంది. ఖరీదైన సీసానే వాడుతున్నాను. తేడా ఎక్కడ వస్తోంది?

ఆ ఖరీదైన సీసా దగ్గరే మొదలవుతోంది. ఓక్ పీపాల్లో మగ్గిన గట్టి రెడ్ వైన్‌లో వగరు ఎక్కువ. దానికి దాల్చినచెక్క, లవంగాల సొంత వగరు తోడవుతుంది. పీపా వాసనేమో మసాలా కింద పడి కనబడకుండా పోతుంది, దానికి పెట్టిన డబ్బు వృథా. వగరు తక్కువగా, పండు రుచి ఎక్కువగా ఉండే లేత వైన్ తీసుకోండి. మెర్లో, గ్రెనాష్ రకాలు బాగా నప్పుతాయి. చవక సీసా చాలు. అయితే పాడైన సీసా పనికిరాదు, ఎందుకంటే వెనిగర్ వాసన వేడికి రెట్టింపవుతుంది.

రెండో తప్పు వైన్‌నీ మసాలానీ కలిపి అరగంట మరిగించడం. మసాలా సారం దిగాలంటే మరగాలి, వైన్ మాత్రం మరగకూడదు. రెండూ ఒకే గిన్నెలో ఒకేసారి కుదరవు. అందుకే ముందు పాకం విడిగా చేసుకోవాలి. 750 మి.లీ. సీసాకు లెక్క ఇది: 150 మి.లీ. నీళ్లు, 70 గ్రాముల చక్కెర, వేలెడంత దాల్చినచెక్క ఒకటి, 5 లవంగాలు, ఒక అనాసపువ్వు, సగం నారింజ తొక్క. తొక్కలో పైనున్న రంగు పొర మాత్రమే చెక్కాలి. కిందనున్న తెల్లటి మెత్తని భాగంతోనే చేదంతా వస్తుంది. వీటన్నిటినీ సన్న సెగ మీద 8 నుంచి 10 నిమిషాలు మరిగించి, లవంగాలను ఏరి పారేయండి. అవి చివరిదాకా అందులోనే ఉంటే మొదటి కప్పు బాగుంటుంది, నాలుగో కప్పు తాగితే నాలుక మొద్దుబారుతుంది.

ఇప్పుడు వైన్ పోయండి. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మనకు కావలసింది 65 నుంచి 70. థర్మామీటర్ లేకపోతే గిన్నె అంచును చూస్తూ ఉండండి. ఆవిరి లేచి, అంచున సన్నటి బుడగలు కనబడగానే పొయ్యి ఆపి, మూతపెట్టి 15 నిమిషాలు వదిలేయండి. రుచి చప్పగా అనిపిస్తే చక్కెర జోలికి పోకుండా ఒక చెంచా నిమ్మరసం వేసి చూడండి. నారింజ ముక్కలు వేయాలనుంటే కప్పులో వేయండి, గిన్నెలో వద్దు. గిన్నె స్టీలుదో ఎనామిల్‌దో అయి ఉండాలి. వైన్ పులుపు అల్యూమినియంతో కలిస్తే లోహపు రుచి వస్తుంది.

జర్మనీ సంతల్లో గ్లూవైన్ పేరుతో అమ్మే వేడి వైన్‌కి యూరోపియన్ యూనియన్ నిబంధనలున్నాయి. ఆల్కహాల్ కనీసం 7 శాతం ఉండాలి, తీపి కోసం కలిపేది తప్ప నీళ్లు పోయకూడదు. ఇంట్లో ఆ పట్టింపు అక్కర్లేదు. అయినా నీళ్లు లేకుండానే కావాలంటే నీళ్ల బదులు అదే వైన్ 150 మి.లీ. తీసి పాకం చేసుకోవచ్చు. స్వీడన్‌లో చేసే గ్లోగ్‌కైతే కప్పు అడుగున కిస్‌మిస్‌లు, పొట్టు తీసిన బాదంపప్పులు వేసి, పైన వేడి వైన్ పోస్తారు. ఒక చెంచా కూడా పక్కన పెట్టండి, అడుగున నానినవి తినడానికి.

ప్రశ్న: వేడి చేస్తే మత్తంతా ఆవిరైపోతుంది కదా, కారు నడపాల్సినవాళ్లకూ ఇవ్వొచ్చా?

ఇవ్వకూడదు. పైన చెప్పిన కొలతకు 13 శాతం వైన్ వాడితే గిన్నెలో దాదాపు 10.5 శాతం మిగులుతుంది, అదీ నీళ్లు కలిపినందువల్లే. వంటలో ఆల్కహాల్ ఎంత మిగులుతుందో అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు చెబుతాయి. మరుగుతున్న ద్రవంలో కలిపి వెంటనే దించేస్తే 85 శాతం ఉండిపోతుంది. 15 నిమిషాలు ఉడికినా 40 శాతం, గంట ఉడికినా 25 శాతం మిగులుతుంది. మనం మరగనివ్వం, పైగా మూత పెడుతున్నాం. వెచ్చగా, తియ్యగా ఉండటంతో ఇది మామూలు వైన్ కంటే త్వరగా గొంతు దిగుతుంది కూడా.

ప్రశ్న: షాంపేన్ సీసా తెరవాలంటే భయం. పోయినసారి బిరడా పైకప్పుకు తగిలింది, సగం నురగై నేలపాలైంది.

సీసా లోపల ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి 5 నుంచి 6 రెట్లు ఉంటుంది, కాబట్టి భయం ఉండటం మంచిదే. పొంగిపోవడానికి మాత్రం కారణాలు రెండే: సీసా చల్లగా లేకపోవడం, కదిలి ఉండటం. చల్లని ద్రవం వాయువును గట్టిగా పట్టి ఉంచుతుంది. 6 నుంచి 8 డిగ్రీలకు చల్లబరిచి, తెరిచే ముందు కాసేపు కదపకుండా ఉంచితే సగం పని అయినట్టే.

రేకు తీశాక బొటనవేలు బిరడా మీద పెట్టండి, పని అయ్యేదాకా తీయొద్దు. తీగను ఆరు అరచుట్లు తిప్పితే వదులవుతుంది. దాన్ని పూర్తిగా ఊడదీయకుండా బిరడాతో పాటే పట్టుకుంటే పట్టు జారదు. సీసాను 45 డిగ్రీలు వంచి, మూతిని మనుషులు లేనివైపు పెట్టండి. తర్వాత బిరడాను గట్టిగా పట్టుకుని, అడుగు భాగం దగ్గర సీసానే తిప్పండి. బిరడా దానంతటదే పైకి తోసుకొస్తుంది. అప్పుడు లాగకుండా, వెనక్కి నొక్కి పట్టండి. 'టప్' అని కాక 'ఫస్' అని చిన్నగా నిట్టూర్చినట్టు రావాలి. పెద్ద శబ్దం వచ్చిందంటే లోపల ఉండాల్సిన వాయువులో కొంత బయటికి పోయినట్టే.

పోసేటప్పుడు గ్లాసును వంచి, మొదట రెండు వేళ్ల ఎత్తు పోసి, నురగ దిగాక మిగతాది పోయండి. ఎంత మంచి సీసా అయినా గ్లాసులో బుడగలే రావడం లేదంటే సబ్బును అనుమానించాలి. గ్లాసు కడిగాక సబ్బు పొర మిగిలిపోతే నురగ చచ్చిపోతుంది. వేడినీళ్లతో రెండుసార్లు తొలిచి, బోర్లించి ఆరనివ్వండి.

ప్రశ్న: చుట్టాలు గుమ్మంలో ఉన్నారు, సీసా ఇంకా వెచ్చగానే ఉంది. డీప్ ఫ్రీజర్‌లో పడేయనా?

వద్దు. బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, రెండు గుప్పిళ్ల ఉప్పు వేసి మెడదాకా ముంచండి. 20 నిమిషాలకు తాగేంత చల్లనవుతుంది. ఒట్టి ఐసు అయితే సీసాను అక్కడక్కడే తాకుతుంది, నీళ్లు చుట్టూ తాకుతాయి. ఉప్పు ఆ నీటిని సున్నా కంటే కిందికి దించుతుంది. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది, వైన్ మైనస్ 5, 6 దగ్గరే గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఉబ్బి బిరడాను తోసేస్తుంది. బుడగల సీసా అయితే పగిలే ప్రమాదం కూడా ఉంది. మాటల్లో పడి మర్చిపోయేది కూడా సరిగ్గా ఆ సీసానే.

ప్రశ్న: తీపి ఇష్టం లేక 'ఎక్స్‌ట్రా డ్రై' అని రాసున్న స్పార్క్లింగ్ (బుడగల) వైన్ కొన్నాను. తియ్యగా ఉంది. మోసమా?

మోసం కాదు, లేబుల్ భాషే అంత. లీటరుకు చక్కెర 12 గ్రాముల లోపు ఉంటే బ్రూట్. 12 నుంచి 17 అయితే ఎక్స్‌ట్రా డ్రై. 17 నుంచి 32 వరకూ డ్రై, 32 నుంచి 50 వరకూ డెమీ సెక్, ఆపైన డూ. అంటే 'ఎక్స్‌ట్రా డ్రై' బ్రూట్ కంటే తియ్యన. తీపి అసలే వద్దంటే 6 గ్రాముల లోపుండే ఎక్స్‌ట్రా బ్రూట్, లేదా 3 గ్రాముల లోపుండే బ్రూట్ నేచర్ చూడండి. చివరిది ఒట్టిగా తాగేవాళ్లకు పులుపుగా తోస్తుంది. భోజనంతో బాగుంటుంది.

ప్రశ్న: రెడ్ వైన్‌ని గది వేడి మీదే తాగాలంటారు, నిజమేనా?

గదిలో 16 నుంచి 18 డిగ్రీలుంటే నిజమే. 25 దాటితే ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొడుతుంది, పండు రుచి కనబడదు. ఫ్రిజ్‌లో అరగంట పెట్టి తీయండి. తేలికపాటి రెడ్ అయితే 13 డిగ్రీల దగ్గర ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: భోజనంతో ఎంతో బాగున్న వైన్, కేకు తిన్న వెంటనే తాగితే పుల్లగా, నీళ్లలా మారిపోయింది. ఎందుకు?

వైన్ మారలేదు, నాలుక మారింది. తీపి తిన్నాక అంతకంటే తక్కువ తీపిది ఏది తాగినా అందులోని పులుపు, వగరు మాత్రమే తెలుస్తాయి. కాబట్టి గ్లాసులోది కేకు కంటే తియ్యగా ఉండాలి. ఎండుపండ్ల కేకుకు పోర్చుగల్ తీపి వైన్ టానీ పోర్ట్, లేదంటే స్పెయిన్ తీపి వైన్ పెడ్రో హిమేనెజ్ రకం షెర్రీ పెట్టొచ్చు. రెండూ గాఢమైనవే, 60 మి.లీ. చాలు. తేలికగా కావాలంటే ఇటలీ మస్కాటో దాస్తీ ఉంది. అందులో ఆల్కహాల్ 5 శాతం దగ్గరే ఉంటుంది. బ్రూట్ షాంపేన్‌తో కేకు కోయడం ఫొటోకి బాగుంటుంది, నోటికి మాత్రం బాగుండదు. దాన్ని భోజనానికి ముందు ఉప్పుగా, కరకరలాడే చిరుతిళ్లతో ఇవ్వండి.

కారం వంటలతో కూడా ఇలాంటి చిక్కే ఉంది. 14 శాతం దాటిన వగరు రెడ్ వైన్ కారాన్ని ఎగదోస్తుంది. కొద్దిగా తీపి ఉన్న చల్లని వైట్ వైన్, రీస్లింగ్ లాంటిది, మంటను తగ్గిస్తుంది.

ప్రశ్న: పాలు, గుడ్డు, రమ్ము కలిపే ఎగ్‌నాగ్ చేస్తే గుడ్డు పొరటులా అయిపోతోంది. పచ్చి గుడ్డు వాడాలంటే ధైర్యం చాలడం లేదు.

పచ్చి గుడ్డు వాడక్కర్లేదు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం పోవాలంటే మిశ్రమం 71 డిగ్రీలు తాకాలి. 82 దాటితే పచ్చసొన గడ్డలు కడుతుంది. మీరు ఈ రెంటి మధ్యలో ఉండాలి. 4 పచ్చసొనలను 80 గ్రాముల చక్కెరతో తెల్లబడేదాకా గిలక్కొట్టండి. 500 మి.లీ. పాలు, 200 మి.లీ. క్రీమ్ కలిపి ఆవిరి వచ్చేదాకా వేడి చేసి, ఒక్కో గరిటె చొప్పున సొనలో పోస్తూ ఆపకుండా కలపండి. సొననే నేరుగా వేడి పాలలో పోస్తే ఒక్కసారిగా వేడి తగిలి పొరటు అవుతుంది. తర్వాత అంతా గిన్నెలోకి మార్చి, సన్న సెగ మీద గరిటె అడుగుకు తాకిస్తూ తిప్పండి. గరిటె వెనక పొరలా పట్టి, వేలితో గీత గీస్తే చెరగకుండా నిలిచిందంటే వెంటనే దించాలి. దించాక కూడా గిన్నె వేడికి ఉడుకుతూనే ఉంటుంది కాబట్టి వడగట్టి, ఐసు నీళ్లలో పెట్టిన గిన్నెలోకి వంపేయండి.

రమ్ము లేదా బ్రాందీ 100 మి.లీ., పూర్తిగా చల్లారాకే, సన్న ధారగా కలపండి. జాజికాయ తాగేముందు గీరితేనే వాసన. కొంచెం గడ్డలు కట్టినా పారేయక్కర్లేదు, మిక్సీలో ఒక తిప్పు తిప్పి వడగడితే సర్దుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తాగేయండి. ఇందులో ఆల్కహాల్ 4, 5 శాతమే ఉంటుంది, గుడ్డును నెలల తరబడి నిల్వ ఉంచడానికి అది సరిపోదు.

ప్రశ్న: అసలు తాగని అతిథులకు కూల్‌డ్రింక్ కాక ఇంకేమివ్వాలి?

వేడి వైన్‌కి సాటి వచ్చేది ఒకటుంది. ద్రాక్ష రసంలో లీటరుకు సుమారు 150 గ్రాముల చక్కెర ఉంటుంది, వగరు ఉండదు. అందుకే ఒట్టి రసాన్ని కాస్తే పానకమవుతుంది. 700 మి.లీ. నల్ల ద్రాక్ష రసానికి, 200 మి.లీ. నీళ్లలో రెండు టీ బ్యాగులు 4 నిమిషాలు నానబెట్టిన చిక్కటి టీ డికాక్షన్, ఒక నిమ్మకాయ రసం కలపండి. టీతో వగరు, నిమ్మతో పులుపు వస్తాయి. మసాలా పైన చెప్పినదే, చక్కెర వద్దు. ఆల్కహాల్ తీసేసిన వైన్ కొంటే లేబుల్ చదవండి. చాలా దేశాల్లో 0.5 శాతం దాకా ఉన్నా ఆ పేరుతో అమ్మొచ్చు. గర్భిణులకు, మతపరంగా ముట్టనివాళ్లకు ఇచ్చేముందు 0.0 అని ఉందో లేదో చూడాలి.

ప్రశ్న: రెడ్ వైన్ తాగితే తలనొప్పి. వైన్ పాడవకుండా కలిపే సల్ఫైట్ల వల్లే అంటున్నారు.

సల్ఫైట్లే కారణమైతే వైట్ వైన్‌కి ఇంకా ఎక్కువ రావాలి. యూరోపియన్ యూనియన్‌లో తీపి లేని రెడ్‌కి లీటరుకు 150 మి.గ్రా. పరిమితి అయితే, తీపి లేని వైట్‌కి 200. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి మాత్రం సల్ఫైట్లు నిజంగానే పడవు, వాళ్లు జాగ్రత్తగా ఉండాలి. మిగతావాళ్లు ముందు వేగం, మోతాదు చూసుకోవాలి. 150 మి.లీ. గ్లాసులో 14, 15 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. శరీరం గంటకు 8 నుంచి 10 గ్రాములే వదిలించుకోగలదు. కాఫీ, చన్నీళ్ల స్నానం ఈ లెక్కను మార్చలేవు. ఖాళీ కడుపుతో మొదలుపెట్టకుండా, గ్లాసు వైన్‌కి గ్లాసు నీళ్లు తాగండి. అర గ్లాసుకే తలనొప్పి వస్తుంటే ఆ రకం మానేయడమే మేలు. నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ వాడుతున్నవాళ్లు అసలు తాగకూడదు.

ప్రశ్న: మిగిలిన సీసాలు ఎన్నాళ్లుంటాయి? షాంపేన్ మెడలో చెంచా పెడితే బుడగలు నిలుస్తాయా?

చెంచా వల్ల ఒరిగేదేమీ లేదు, చల్లదనం వల్లే కాస్త నిలుస్తాయి. అంచును పట్టేసే స్పార్క్లింగ్ వైన్ మూత కొనుక్కుంటే రెండు రోజులు బాగుంటుంది. రెడ్, వైట్ రెండూ మూతపెట్టి ఫ్రిజ్‌లోనే ఉంచాలి, 3 నుంచి 5 రోజులు ఉంటాయి. సీసాలో సగానికి పైగా ఖాళీ ఉంటే చిన్న సీసాలోకి నిండుగా వంపండి, గాలి తక్కువ తగులుతుంది. టానీ పోర్ట్ వారాల తరబడి నిలుస్తుంది.

ప్రశ్న: తెల్ల టేబుల్ గుడ్డ మీద రెడ్ వైన్ ఒలికింది!

రుద్దకండి. పొడి గుడ్డతో అద్ది పీల్చండి, తర్వాత చన్నీళ్లు పోస్తూ మళ్లీ అద్దండి. తెల్లటి నూలు గుడ్డయితే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు వంతులు, గిన్నెలు కడిగే ద్రవం ఒక వంతు కలిపి పట్టించి, అరగంట ఆగి ఉతకండి. రంగు గుడ్డలకు, ఉన్నికి, పట్టుకు ఇది వాడితే రంగు పోతుంది. మరక పూర్తిగా పోయిందని చూసుకున్నాకే ఇస్త్రీ చేయండి, వేడి తగిలితే మిగిలిన మరక అక్కడే పట్టేస్తుంది.