జేబులో పట్టే మల్టీటూల్ ఏది కొనాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్ నమస్తే, మాది గుంటూరు బ్రాడీపేట. మెడికల్ రెప్‌గా చేస్తున్నా, వారంలో సగం రోజులు తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట అని బండి మీద తిరుగుడే, నెలకోసారి హైదరాబాద్‌లో మీటింగ్ ఉంటుంది. బ్యాగులో ఒక చిన్న మల్టీటూల్, అదే చాకు, కత్తెర, స్క్రూడ్రైవర్ లాంటివన్నీ ఒకదాంట్లోనే మడిచి ఉండేది, ఉంటే బాగుంటుందనిపిస్తోంది. ఆన్‌లైన్‌లో చూస్తే 11 ఇన్ 1, 15 ఇన్ 1 అని మూడు నాలుగు వందలకే దొరుకుతున్నాయి, అదే లెదర్‌మ్యాన్ కంపెనీది అయితే వేలల్లో ఉంది. అంత తేడా దేనికి? నాకు ఏది కరెక్టు?

జవాబు: ముందు ఆ 11 ఇన్ 1, 15 ఇన్ 1 లెక్క పక్కన పెట్టేయండి. బాటిల్ ఓపెనర్ ఒకటి, స్కేలు గీతలు ఒకటి, కీ రింగ్ తగిలించే కన్నం ఒకటి, ఇలా అన్నీ కలిపేసి నంబర్ పెంచుతారు. మీరు చూసుకోవాల్సింది ఒకటే, గత నెల రోజుల్లో "అబ్బా చేతిలో ఏదో ఒకటి ఉంటే బాగుండేది" అని ఎప్పుడెప్పుడు అనుకున్నారో గుర్తు తెచ్చుకోండి. మీ పని చూస్తే శాంపిల్ డబ్బాల టేపు కోయడం, ప్లాస్టిక్ స్ట్రాప్ తెంపడం, కళ్లజోడు స్క్రూ ఊడితే బిగించడం, చొక్కా దారం కత్తిరించడం, వేలికి ముల్లో పేడో గుచ్చుకుంటే లాగడం, ఇవే ఎక్కువ ఉంటాయి. వీటిల్లో కటింగ్ ప్లేయర్‌తో పని ఎక్కడుంది చెప్పండి? అన్నీ చాకు, కత్తెర, చిన్న స్క్రూడ్రైవర్, చిమటాతో అయిపోయేవే.

చిన్న మల్టీటూల్స్‌లో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి స్విస్ చాకు. స్విట్జర్లాండ్‌లో ఈబాహ్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల వర్క్‌షాప్ పెట్టి 1891లో అక్కడి సైన్యానికి చాకులు ఇవ్వడం మొదలుపెట్టాడు, సైనికుడికి డబ్బా మూత కోసుకోవడానికీ రైఫిల్ విప్పుకోవడానికీ ఒకటే వస్తువు ఉండాలని అలా చేశారు, ఆ కంపెనీయే ఇప్పటి విక్టోరినాక్స్. రెండోది మధ్యలో కటింగ్ ప్లేయర్ ఉండేది. టిమ్ లెదర్‌మ్యాన్ అనే అమెరికన్ ఇంజినీరు 1975లో భార్యతో కలిసి యూరప్ అంతా ఒక పాత ఫియట్ కారులో తిరిగాడు, కారు మాటిమాటికీ మొరాయిస్తుంటే జేబులో చాకు ఉంది గానీ పట్టుకుని తిప్పడానికి ప్లేయర్ లేదు, అక్కడ పుట్టిన ఆలోచన 1983కి అమ్మకానికి వచ్చింది. అంటే ప్లేయర్ రకం పుట్టిందే దారిలో కారు ఆగిపోయే మనిషి కోసం. మీరు తిరిగేది గుంటూరు తెనాలి రోడ్డులో, బండి ఆగితే కాస్త దూరంలో మెకానిక్ ఉంటాడు, పైగా బండితో పాటు ఇచ్చే టూల్ కిట్‌లో స్పానర్, స్క్రూడ్రైవర్ ఉండనే ఉంటాయి.

అందుకని మీకు నా ఓటు కత్తెర ఉన్న స్విస్ చాకుకే. విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ అని 58 మిల్లీమీటర్లది ఉంది, బరువు 20 గ్రాముల పైన కొంచెం, అంతే, తాళాల గుత్తికి తగిలిస్తే ఉన్నట్టే తెలీదు. చిన్న చాకు, కత్తెర, గోరు రుద్దే ఆకురాయి, చిమటా, పళ్లపుల్ల, స్క్రూడ్రైవర్ మొన, ఆ మొనతో చిన్న స్టార్ స్క్రూలు కూడా తిరుగుతాయి. చేతికి ఇంకాస్త పెద్దది కావాలంటే 91 మిల్లీమీటర్ల క్లైంబర్ చూడండి, అది 80 గ్రాముల చిల్లర. లేదు, నాకు ప్లేయర్ ఉండాల్సిందే అంటే గెర్బర్ డైమ్ ఉంది, 60 గ్రాముల పైచిలుకు, తాళాల గుత్తికి అది కూడా పడుతుంది. లెదర్‌మ్యాన్ స్కెలెటూల్ 142 గ్రాములు, బ్యాగులో అయితే ఓకే. అందరూ చూపించే లెదర్‌మ్యాన్ వేవ్ ప్లస్ మాత్రం మీకొద్దు, మంచి వస్తువే, కానీ 241 గ్రాములు, ప్యాంటు జేబులో వేసుకుంటే పది రోజుల్లో ఇంట్లో సొరుగులోకి పోతుంది, సొరుగులో ఉన్నది ఎంత గొప్పదైనా నరసరావుపేటలో మీకు అక్కరకు రాదు కదా.

ఇక రేటు తేడా. అది స్టీలుని ఎంత గట్టిపరిచారన్న దాంట్లో, కీలు బిగువులో ఉంటుంది. చవక వాటిలో స్క్రూడ్రైవర్ మొన మెత్తగా ఉంటుంది, గట్టిగా బిగిసిన స్క్రూ మీద రెండుసార్లు తిప్పితే మొన గుండ్రం అయిపోద్ది, దాంతో పాటు స్క్రూ తల కూడా పాడైపోయి ఆ తర్వాత మంచి స్క్రూడ్రైవర్ తెచ్చినా పట్టదు. అన్నిటికంటే భయం చాకు దగ్గర, స్ప్రింగు వదులుగా ఉంటే పని మధ్యలో టపుక్కున మూసుకుని వేలు తెగుతుంది. షాపుకే వెళ్లి కొంటే నయం, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో మీ గుంటూరు అరండల్‌పేటలోనో, చేతిలోకి తీసుకుని చాకు తెరిచి అటూ ఇటూ కదిపి చూడండి, ఆడకూడదు. ప్లేయర్ ఉంటే మూసి లైటుకి ఎదురుగా పట్టండి, మొన దగ్గర సందులోంచి వెలుగు కనపడకూడదు. కత్తెరతో పల్చటి కాగితం కోయండి, నమిలినట్టు కోస్తే వదిలేయండి. ప్రతి పనిముట్టూ గోటితో లాగితే రావాలి, రాకపోతే మీరు దాన్ని ఎప్పటికీ వాడరు. విక్టోరినాక్స్‌కి అచ్చం అలాగే ఎర్రగా ఉండే డూప్లికేట్లు కూడా ఉన్నాయి, బిల్లు ఇచ్చే చోటే కొనండి.

హైదరాబాద్ వెళ్లినప్పుడు మెట్రో ఎక్కేటట్టయితే ఆ రోజు చాకు ఇంట్లోనే పెట్టి వెళ్లండి, స్టేషన్ దగ్గర బ్యాగు స్కానర్‌లోంచి పోవాల్సిందే, చాకులు లోపలికి రానివ్వరు.

ప్రశ్న: అన్నయ్యా, మేం విజయవాడ పటమటలో ఉంటాం. మా అమ్మాయి ఎంఎస్‌కి అమెరికా వెళ్తోంది. గన్నవరంలో ఎక్కి ఢిల్లీ మీదుగా పోతుంది. తనకి ఒక చిన్న మల్టీటూల్ కొనిద్దామని ఉంది, హ్యాండ్ బ్యాగులో పెట్టుకోనిస్తారా?

జవాబు: చాకు ఉన్నదైతే హ్యాండ్ బ్యాగులో వద్దమ్మా, అది అరంగుళం చాకైనా సరే. చెకిన్ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి పెట్టేయండి, ఏ ఇబ్బందీ ఉండదు. పవర్ బ్యాంకు దీనికి పూర్తిగా ఎదురు, అది చెకిన్‌లో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి, సర్దేటప్పుడు ఈ రెండూ తారుమారు కాకుండా చూసుకోండి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత విమానాల్లో చాకులు ఆపేశారు. అమెరికా వాళ్లు 2013లో 2.36 అంగుళాల లోపు చిన్న చాకులకి మళ్లీ పర్మిషన్ ఇద్దామని చూశారు, ఎయిర్ హోస్టెస్‌లు, పైలట్లు గట్టిగా వద్దనేసరికి అదే ఏడాది వెనక్కి తీసుకున్నారు. అక్కడి రూలు ప్రకారం చాకు లేకుండా ఉన్న పనిముట్టు 7 అంగుళాల లోపుంటే, కత్తెర కీలు దగ్గర్నుంచి 4 అంగుళాల లోపుంటే చేతి బ్యాగులో పర్లేదు. కానీ మీ అమ్మాయి ముందు దాటాల్సింది గన్నవరం, ఢిల్లీ. చాకు లేని మోడళ్లు ఉన్నాయి, విక్టోరినాక్స్ జెట్‌సెట్టర్ అలాంటిదే, అయినా స్కానర్ దగ్గర ఉన్న ఆఫీసర్ వద్దంటే వద్దనే. బయలుదేరే హడావుడిలో, అందరూ ఏడుస్తూ టాటా చెప్పుకునే టైములో, లైన్లో నిలబడి దీని గురించి వాదించుకోవడం ఎందుకు చెప్పండి? ఏదైనా చెకిన్‌లోనే పెట్టండి.

కత్తెర ఉన్నదే కొనివ్వండి. అక్కడ కొత్త రూములో దిగాక అట్టపెట్టెలు విప్పడం, ట్యాగులు కత్తిరించడం, మీరు కట్టించిన పచ్చడి ప్యాకెట్ల సీలు కోయడం, మొదటి వారం అంతా ఆమెకి అదే పని.

ప్రశ్న: బీటెక్ చదువుతున్నానండి, వడ్డేశ్వరం వైపు కాలేజీ. తాళాల గుత్తికి చిన్న చాకు ఉంటే పోలీసులు కేసు పెడతారని ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా?

జవాబు: ఆయుధాల నిబంధనల్లో కత్తుల గురించి చెప్పేది 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్నవాటి సంగతి, అందులో కూడా ఇంటి పనికీ పొలం పనికీ చేసినవాటిని వేరుగా చూస్తారు. మీ గుత్తికి ఉండే రెండంగుళాల చాకు ఆ లెక్కలోకి రాదు. అలాగని ఎక్కడికి పడితే అక్కడికి పట్టుకెళ్లొద్దు. పరీక్ష హాలు, కోర్టు, సెక్రటేరియట్, సభలు, ఊరేగింపులు, ఎన్నికల రోజులు, ఇలాంటి చోట్ల దాన్ని రూములో వదిలేసి వెళ్లండి. ఎవరితోనైనా మాటా మాటా పెరిగినప్పుడు మాత్రం అది జేబులోంచి బయటికి రాకూడదు బాబూ, అప్పుడు దాని పొడవు ఎవరూ కొలవరు, మీరు ఏం చేయబోయారన్నదే చూస్తారు. మీ కాలేజీ హాస్టల్ రూల్సు కూడా ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మల్టీటూల్ ఉంటే ఇంట్లో స్విచ్ బోర్డు పనులు చేసుకోవచ్చా? సత్యనారాయణపురం నుంచి.

జవాబు: వద్దు. దాని పిడి మొత్తం ఇనుమే, మీ చేతికీ 230 వోల్టులకీ మధ్య ఏమీ ఉండదు. రంగు ప్లాస్టిక్ తొడిగినవి కూడా కరెంటు పనికి చేసినవి కావు. మెయిన్ ఆపేసి, టెస్టర్ పెట్టి చూసుకుని, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తోనే చేయండి. చేయడం రాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ప్రశ్న: అయ్యా, గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో గుమస్తాని. రోజంతా టిక్కీల (మిర్చి బస్తాల) కుట్లు విప్పడం, పురికొస కోయడం, శాంపిల్ చూడటం. మా అల్లుడు లెదర్‌మ్యాన్ ఒకటి తెచ్చిచ్చాడు, చాలా బాగుంది, కానీ కీళ్ల దగ్గర చిన్న చిన్న తుప్పు మచ్చలు కనపడుతున్నాయి. స్టెయిన్‌లెస్ అన్నారే?

జవాబు: మీ ఉత్తరం చూసి సంతోషం వేసింది, ఇలా రోజూ వాడే చేతిలో పడితేనే ఆ వస్తువుకి న్యాయం జరిగేది. స్టెయిన్‌లెస్ అంటే అసలు తుప్పు పట్టదని కాదండి, మామూలు ఇనుము కంటే బాగా ఆలస్యంగా పడుతుందని. చాకు స్టీలు గట్టిగా ఉండి పదును నిలవాలంటే అందులో కార్బన్ కాస్త ఎక్కువ ఉండాలి, అలాంటి స్టీలు ఇంట్లో గిన్నెల స్టీలు లాగా తడిని తట్టుకోలేదు. మీ దగ్గర దానికి తోడు చెమట, మిర్చి దుమ్ము, గోనె పీచు. ఆ దుమ్మూ పీచూ కీలులోకి పోయి చెమట తడిని పట్టుకుని అక్కడే ఉంచుతాయి, అందుకే పైన మెరుస్తూ ఉన్నా కీలు దగ్గర మచ్చలొస్తాయి.

వారానికోసారి అన్ని పనిముట్లూ తెరిచి గోరువెచ్చటి నీళ్లు, కొంచెం సబ్బు వేసి పాత టూత్‌బ్రష్‌తో కీళ్ల దగ్గర రుద్దండి. కళ్లలో పడకుండా చూసుకోండి, మిర్చి ఘాటు ఆ నీళ్లలోకి దిగుతుంది, చేతులు కడుక్కునే దాకా మొహం ముట్టుకోవద్దు. తర్వాత తుడిచి, తెరిచే ఉంచి ఫ్యాను కింద ఆరనివ్వండి. బాగా ఆరాక కుట్టు మిషన్ నూనె కీలుకి ఒక్క చుక్క, ఎక్కువ పోస్తే మళ్లీ దుమ్ము అంటుకుంటుంది. కొబ్బరి నూనె మాత్రం వద్దు, ఇంట్లో అందరూ అదే రాస్తారు గానీ కొన్నాళ్లకి జిగురుగా గడ్డకట్టి చాకు తెరుచుకోదు. ఇప్పుడున్న మచ్చలు పైపైనే ఉంటే నూనె వేసి గుడ్డతో గట్టిగా రుద్దితే పోతాయి, గరుకు కాగితం పెట్టకండి. లెదర్‌మ్యాన్‌కి 25 ఏళ్ల వారంటీ ఉంది, అల్లుడిగారిని అడిగి బిల్లు దాచుకోండి.

పురికొస రంపం పళ్ల లాంటి అంచు ఉన్న చాకుతో బాగా తెగుతుంది, మామూలు అంచు జారిపోతుంది, మీ మోడల్‌లో రెండూ ఉంటే మామూలు అంచుని పురికొస మీద పెట్టి మొద్దు చేసుకోకండి. కోసేటప్పుడు టిక్కీ పట్టుకున్న ఎడమ చెయ్యి చాకు వెళ్లే దారిలో లేకుండా, మీ ఒంటి నుంచి బయటికి కోయండి. వేసవిలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టండి, తోలు పౌచ్‌లో మూసి ఉంచితే తోలు గాలిలో తేమ పీల్చుకుని లోపల తుప్పు పట్టిస్తుంది.