నాకు భాషలు రాలేదు, ఆత్మ లేనట్టేనా?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. మాది పుత్తూరు దగ్గర పల్లె, ఇంట్లో అందరం లూథరన్ సంఘమే. తిరుపతిలో డిగ్రీ చదువుతూ హాస్టల్ స్నేహితురాళ్లతో ఒక యవ్వన కూడికకు వెళ్తున్నాను. పోయిన నెల రాత్రి ప్రార్థనలో నన్ను ముందుకు పిలిచి తల మీద చేతులుంచి, "హల్లెలూయ హల్లెలూయ అని ఆపకుండా అంటూనే ఉండు, నాలుకను వదిలెయ్, అదే వస్తుంది" అన్నారు. పక్కన ఇద్దరికి భాషలు వచ్చాయి, అంటే ఆత్మ ప్రేరణతో తమకు తెలియని భాషలో మాట్లాడారు. నాకు గొంతు ఎండిపోయింది తప్ప ఏమీ రాలేదు. "పాపం ఏదో దాచిపెట్టావు, ఒప్పుకో" అన్నారు. భయమేసి పక్కమ్మాయి అంటున్నట్టే నేనూ ఏవో శబ్దాలు అనేశాను, అందరూ చప్పట్లు కొట్టి స్తోత్రం చెప్పారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్, నిద్ర లేదు. నాలో పరిశుద్ధాత్మ లేనట్టేనా? దేవుణ్ణి మోసం చేశానా?
- ఒక సోదరి, తిరుపతి

జవాబు: తల్లీ, నీలో ఆత్మ ఉన్నాడో లేడో తేల్చే పరీక్ష ఆ రాత్రి జరగలేదు. యేసే ప్రభువని పరిశుద్ధాత్మ వల్ల తప్ప ఎవరూ చెప్పలేరని పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక 12వ అధ్యాయం మొదట్లోనే ఉంది. ఆ మాట నువ్వు మనసారా ఒప్పుకున్నదానివైతే ఆత్మ పని నీలో మొదలయ్యే ఉంది. అదే అధ్యాయం చివర్లో పౌలు వరసగా అడుగుతాడు చూడు, అందరూ అపొస్తలులా, అందరూ స్వస్థపరుస్తారా, అందరూ భాషలతో మాట్లాడతారా అని. కాదు అనే జవాబు కోసమే ఆ అడగడం. వరాలు పంచేది ఆత్మే, తన ఇష్టం చొప్పున పంచుతాడని 11వ వచనం. మరి ఆయన ఇష్టం మీద ఉన్నదాన్ని నాలుక వేగంతో రప్పించాలని చూడటం ఏ వాక్యం ప్రకారం?

నిన్ను ముందుకు పిలిచినవాళ్లు దురుద్దేశంతో చేశారని నేను అనను. భాషలే ఆత్మ బాప్తిస్మానికి మొదటి గుర్తు అని నమ్మే పెంతెకొస్తు సంఘాలు చాలా ఉన్నాయి, అపొస్తలుల కార్యాలు 2, 10, 19 అధ్యాయాలు చూపిస్తారు. నిజమే, ఆ మూడు చోట్లా భాషలు ఉన్నాయి. కానీ శిష్యుల మీదికి ఆత్మ దిగిన పెంతెకొస్తు రోజునే బాప్తిస్మం పొందిన ఇంచుమించు 3000 మంది భాషలు మాట్లాడారని ఆ పుస్తకం రాసిన లూకా రాయలేదు, ఐతియోపీయుడైన నపుంసకుడి గురించీ రాయలేదు, ఫిలిప్పీ చెరసాల అధికారి ఇంటివారి గురించీ రాయలేదు. పైగా యెరూషలేములో ఆ రోజు హల్లెలూయ వేగంగా అనమని ఎవరూ నేర్పలేదు, వాళ్లు కూర్చుని ఉండగానే ఆత్మ దిగాడు, విన్న పార్తీయులు, మాదీయులు లాంటి పరదేశాల వాళ్లకు సొంత భాషలో అర్థమైంది.

పండిత రమాబాయి పేరు విన్నావా? పుణె దగ్గర కేడ్గావ్‌లోని ఆమె ముక్తి మిషన్‌లో 1905లో ఉజ్జీవం, అంటే ఆత్మీయ మేల్కొలుపు, మొదలైంది. పెంతెకొస్తు ఉద్యమానికి మొదలని చాలామంది చెప్పే లాస్ ఏంజెలెస్ అజూసా వీధి కూడికలు మొదలైంది ఆ మరుసటి ఏడు, 1906లో. ముక్తిలోనూ భాషలు మాట్లాడినవాళ్లు ఉన్నారు. ఆ ఉజ్జీవం తర్వాత కూడా రమాబాయి చేసింది విధవరాళ్లకు, కరువులో అనాథలైన ఆడపిల్లలకు అన్నం పెట్టడం, చదువు చెప్పడం, బైబిలును మరాఠీలోకి తర్జుమా చేయడం. ఆత్మ ఉన్నాడా అని అడిగేవాళ్లకు నేను ఆ జీవితాన్నే చూపిస్తాను. గలతీ 5లో ఆత్మఫలం అంటూ ప్రేమ, సంతోషం, సమాధానం అని చెప్పిన వరసలో భాషలు లేవు.

ఇక నువ్వు అనేసిన శబ్దాల సంగతి. భయంతో చేశావు, నీ మనసు ఒప్పుకోలేదు, అందుకే నిద్ర పట్టడం లేదు. "ప్రభువా, అది నాది కాదు, మనుషులకు భయపడి అన్నాను" అని సూటిగా ఆయనతో చెప్పు, అక్కడితో వదిలెయ్. మళ్లీ ముందుకు పిలిస్తే "అన్నా, దేవుడిస్తే తీసుకుంటాను, నటించలేను" అను. ఆ మాటకు కోపగించుకునే చోట నువ్వు ఉండనక్కర్లేదమ్మా. మీ ఊరి అయ్యగారితోనూ ఒకసారి మాట్లాడు, అమ్మకు కూడా చెప్పు, ఇంత బరువు ఒంటరిగా మోయకు.

ప్రశ్న: మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి భాషలతో ప్రార్థిస్తుంది. మేం వెళ్లేది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చి. పైపోర్షన్‌లో అద్దెకుండేవాళ్లు విని నవ్వుతున్నారు, మా ఆవిడకు చిన్నతనంగా ఉంది. మాన్పించమంటారా?
- ఒక సోదరుడు, చిత్తూరు

జవాబు: మాన్పించకు తమ్ముడూ. భాషలతో మాట్లాడటాన్ని ఆపవద్దని మొదటి కొరింథీ 14:39 చెబుతోంది, పౌలు తానూ మాట్లాడేవాడు. ఆయన గట్టిగా హద్దు పెట్టింది సంఘ కూడికలో: ఇద్దరు, మించితే ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు, అర్థం చెప్పేవారుంటేనే. లేకపోతే తనతోనూ దేవుడితోనూ మాట్లాడుకోమన్నాడు. మీ అమ్మ చేస్తున్నది సరిగ్గా అదే కదా. గొంతు కాస్త తగ్గించమ్మా, పైవాళ్లు నిద్రపోతున్నారు అని ప్రేమగా చెప్తే ఆమె కాదంటుందా? ఒక రోజు నువ్వూ లేచి ఆమె పక్కన మోకాళ్లూను. ఆమె ఎవరెవరి పేర్లు ఎత్తి ఏడుస్తుందో వింటే మీ ఆవిడకు నువ్వే సర్దిచెప్పగలవు.

ప్రశ్న: నాకు పాట రాదు, వాక్యం చెప్పడం రాదు, భాషలు లేవు. కూడికలకు వంట మాత్రం చేస్తాను. ఇది వరమేనా?
- ఒక సహోదరి, మదనపల్లె

జవాబు: వరమే. మొదటి కొరింథీ 12:28 తీసి చదవండి, ఉపకారాలు చేసేవాళ్లు, భాషలు మాట్లాడేవాళ్లు ఒకే వరసలో ఉంటారు, అందులోనూ ఉపకారాలే ముందు. ఈసారి సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు మీరూ లేచి నిలబడండి.