హీల్స్ సంగతి తర్వాత, ముందు ఆ చీలమండ చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 27. ఈవెంట్లలో యాంకరింగ్ చేస్తాను. 5 అంగుళాల స్టిలెట్టోలు వేసుకుని నాలుగైదు గంటలు నిలబడాలి. కాసేపటికే మూడో వేలికి, నాలుగో వేలికి మధ్య మంట, తిమ్మిరి మొదలవుతాయి. అందుకని వారానికి నాలుగు రోజులు బయల్దేరే ముందే ఒక పెయిన్ కిల్లర్ వేసుకుంటున్నాను, పాదానికి మొద్దుబారే స్ప్రే కూడా కొట్టుకుంటున్నాను. 3 వారాల క్రితం మెట్లు దిగుతుంటే కుడి కాలు మడత పడింది. క్రేప్ బ్యాండేజీ కట్టుకుని నెట్టుకొస్తున్నా, సాయంత్రానికి వాపు వస్తోంది. ఫ్లాట్స్ వేసుకుంటే పిక్కలు లాగేస్తాయి కాబట్టి నాకు హీల్సే నయం. ఎంత ఎత్తు హీల్స్ అయినా నొప్పి లేకుండా, స్టైల్‌గా నడవాలంటే ఏం చేయాలి? ఎలాంటి ప్యాడ్స్ వాడాలి? ఆ రెండు వేళ్లనూ టేపుతో కలిపి చుడితే నొప్పి తెలియదంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది ప్యాడ్స్ గురించి. నా కన్ను ఆగింది మాత్రం మీరు మధ్యలో చెప్పి వదిలేసిన ఆ కుడి కాలి దగ్గర. మామూలు బెణుకు అయితే 3 వారాలకు చాలావరకు సర్దుకోవాలి. ఇంకా వాపు వస్తోందంటే, దాని మీదే మళ్లీ హీల్స్ వేసుకుని నిలబడుతున్నారంటే, లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే కణజాలం) చిరిగి ఉండొచ్చు, చీలమండ ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు, కీలులోని మృదులాస్థి దెబ్బతిని ఉండొచ్చు. ఏమీ కాకపోనూవచ్చు. ఉత్తరం చదివి తేల్చే విషయం కాదిది. ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించుకోండి. చీలమండకు రెండు పక్కలా ఉండే ఎముకను గానీ, చిటికెన వేలి వైపు పాదం అంచు మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముకను గానీ నొక్కితే నొప్పి పుడుతోందా? వరసగా నాలుగు అడుగులు కూడా వేయలేకపోతున్నారా? అయితే వారం కూడా ఆగొద్దు, ఇవాళే వెళ్లండి.

హీల్స్‌లో కాలు అంత తేలిగ్గా ఎందుకు మడత పడుతుందో చెబుతాను. చీలమండ కీలు మధ్యలో కూర్చునే ఎముక ముందువైపు వెడల్పుగా, వెనకవైపు ఇరుకుగా ఉంటుంది. పాదం నేలకు సమంగా ఉన్నప్పుడు ఆ వెడల్పు భాగం రెండు ఎముకల మధ్య బిగుసుకుని కదలకుండా ఉంటుంది. మడమ పైకి లేచే కొద్దీ ఇరుకు భాగం అక్కడికి వచ్చి కీలు వదులవుతుంది. భారమంతా లిగమెంట్ల మీద పడుతుంది. మీ కాలికి ఇప్పుడు దెబ్బతిన్నవి బహుశా అవే. బ్యాండేజీ వాపును కాస్త అదుపు చేస్తుందేమో గానీ చిరిగినదాన్ని అతికించదు. కాబట్టి పరీక్ష అయ్యేదాకా హీల్స్ పూర్తిగా బంద్.

ఇక మాత్రల సంగతి. ఏ మాత్రో రాయలేదు, డైక్లోఫెనాకో ఐబుప్రోఫెనో అయి ఉంటుంది. వారానికి నాలుగంటే ఏడాదికి రెండొందలు దాటుతాయమ్మా! నొప్పి వచ్చాక ఒకటి వేసుకోవడం వేరు, నొప్పి రాబోతోందని ముందే మింగి నిలబడడం వేరు. కడుపులో పుండ్లు, కిడ్నీల మీద ఒత్తిడి, బీపీ పెరగడం లాంటివి ఈ మాత్రలు ఎక్కువగా వాడేవాళ్లలో మేం చూస్తూనే ఉంటాం. గ్యాస్ట్రిక్ సమస్య, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా ప్రమాదం. గర్భం వచ్చే అవకాశం ఉంటే ఆ మాట డాక్టర్‌తో తప్పకుండా చెప్పండి. మలం నల్లగా తారులా వచ్చినా, రక్తం వాంతి అయినా ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.

స్ప్రే ఇంకో రకం సమస్య. పాదం ఎక్కడ నలుగుతోందో, ఎప్పుడు పక్కకు ఒరుగుతోందో మీకు చెప్పేది ఆ స్పర్శే. దాన్ని మొద్దుబార్చి 5 అంగుళాల సన్న మేకు మీద మెట్లు దిగితే ఏమవుతుందో మీకే అనుభవం అయింది. ఆ రోజు స్ప్రే కొట్టుకునే ఉన్నారా? రాయలేదు గానీ నాకు అనుమానం ఉంది. పెయిన్ కిల్లర్, స్ప్రే, బ్యాండేజీ... నొప్పి నోరు మూయడానికి మూడు చేశారు, కారణం వెతకడానికి ఒక్కటీ చేయలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం ఆలస్యం ఇలాగే జరుగుతుంది.

వేళ్ల మధ్య మంట, తిమ్మిరి గురించి. మీరు చెప్పిన చోటు మోర్టన్స్ న్యూరోమాకు సరిపోతోంది. పేరు చూసి కంగారు పడకండి, అది క్యాన్సర్ గడ్డ కాదు. వేళ్ల మూలల మధ్య నరం పదేపదే నలిగి, దాని చుట్టూ మందం కడుతుంది. చెప్పులో చిన్న రాయి ఉన్నట్టు అనిపించడం కూడా ఉంటుంది. మొదట్లోనే పట్టుకుంటే వెడల్పు ముక్కు ఉన్న షూస్, సరైన ప్యాడ్‌తో చాలామందికి తగ్గుతుంది. ముదిరితే ఇంజెక్షన్, ఒక్కోసారి ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే ఒత్తిడి పడి వచ్చే సన్నటి పగులు) ఉన్నా పాదం ముందు భాగం నొప్పి పెడుతుంది, అది మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. రెండు పాదాల్లోనూ తిమ్మిరి ఉంటే షుగర్, బి12 పరీక్షలు కూడా చేయించాలి. టేపు సలహా మీకు మాత్రం వద్దు. ఇప్పటికే నలుగుతున్న నరాన్ని ఇంకాస్త బిగించినట్టే.

ప్యాడ్ అడిగారు కదా, చాలామంది దాన్ని నొప్పి ఉన్న చోటే కింద పెడతారు. వేళ్ల మూల ఎముకల కిందకి కాదు, వాటికి కాస్త వెనక రావాలి. లేకపోతే నొప్పి పెరుగుతుంది. ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి డాక్టర్ చేతే గుర్తు పెట్టించుకోండి.

'ఫ్లాట్స్ కంటే హీల్సే నయం' అన్నది మాత్రం పొరపాటు. రోజూ మడమ ఎత్తులో ఉంటే పిక్క కండరం కురచబారుతుంది, మడమ వెనక నరంలా తగిలే స్నాయువు బిరుసెక్కుతుంది. ఫ్లాట్స్ వేయగానే లాగేది అందుకే. అలాగని ఒక్కరోజులో నేలకు దిగకండి. మూడంగుళాలు, తర్వాత రెండు, ఇలా కొన్ని వారాల్లో తగ్గించుకోండి. పిక్కలకు స్ట్రెచింగ్ చేయాలి, కానీ కుడి కాలికి డాక్టర్ సరేనన్నాకే.

స్టైల్ విషయంలో నా సలహా ఎవరూ పాటించరని ఇంట్లో వాళ్లే అంటారు. అయినా డాక్టర్ ఒప్పుకున్నాక మళ్లీ వేసుకునేటప్పుడు పనికొస్తుందని రెండు మాటలు. ముందు భాగం కింద అంగుళంన్నర ప్లాట్‌ఫామ్ ఉంటే 5 అంగుళాల హీల్ పాదానికి మూడున్నరలాగే ఉంటుంది. కాకపోతే అడుగు మందంగా, వంగకుండా ఉంటుంది కాబట్టి ఒరిగితే గట్టిగానే ఒరుగుతుంది. బ్లాక్ హీల్, చీలమండకు పట్టీ ఉన్నది మేలు. కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. జతను బల్ల మీద పెట్టి హీల్‌ను వేలితో నెట్టి చూడండి, ఊగితే వదిలేయండి. అడుగులు చిన్నవిగా వేయండి. మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకోండి. డ్రైవింగ్‌కు, ప్రయాణానికి వేరే జత ఉంచుకుని స్టిలెట్టోలు స్టేజీ ఎక్కే ముందు తొడుక్కుంటే చాలు, పొద్దుటి నుంచీ అక్కర్లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మింగుతున్న మాత్రల స్ట్రిప్, ఆ స్ప్రే సీసాతో పాటు మీరు ఎక్కువగా వాడే హీల్స్ జత కూడా సంచిలో వేసుకెళ్లండి. హీల్ చివర ఏ పక్కన ఎక్కువ అరిగిందో చూస్తే మీ కాలు ఎటు ఒరుగుతోందో డాక్టర్‌కు కొంత అర్థమవుతుంది.