గట్టిగా పరుగు సాధన చేస్తూ బైపాసు హోటల్లో తినొచ్చా?

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ: ఉండేది రాజమండ్రి శివారులో ఒక గదిలో, పొద్దున పరుగు, సాయంత్రం జిమ్ము, వారానికి ఆరు రోజులు. శనివారం రాత్రయితే స్నేహితులంతా కలిసి హైవే మీది ఫ్యామిలీ రెస్టారెంటుకి వెళ్తారు. అది మానేస్తేనే ఒళ్ళు దారిలోకొస్తుందా, గదిలో తేలిగ్గా ఏం వండుకోవచ్చు అని.

నేను అమలాపురంలో ఉంటాను. వయసు 38. బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తగారు. ఐదేళ్ళుగా పరిగెడుతున్నాను. రెండు ఫుల్ మారథాన్లు, అంటే 42.195 కిలోమీటర్లవి, పూర్తిచేశాను. మానక్కర్లేదండి. ఏ రోజు, ఏ పూట, ఎంత ఆకలి మీద తింటున్నారో చూసుకుంటే చాలు. ఈ మాట నాకు ఒంటి మీదకి తెచ్చుకున్నాకే తెలిసింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదటి మారథాన్‌కి తయారయ్యేటప్పుడు అన్నం తగ్గిస్తే ఒళ్ళు తేలికై వేగం పెరుగుతుందని ఎవరో చెబితే నమ్మాను. మధ్యాహ్నం గుప్పెడన్నం, రాత్రి రెండు పుల్కాలు, కీరా ముక్కలు. బయట తిండి పూర్తిగా బంద్. మూడు వారాల్లో మూడు కిలోలు తగ్గాను. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. ఆరో వారానికి కాలవ గట్టు మీద పన్నెండో కిలోమీటరు దాటేసరికి కాళ్ళకి ఇసుక మూటలు కట్టినట్టుండేది. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. పిల్లల మీద ఊరికే విసుక్కునేదాన్ని. రెండు నెలలు నెలసరి రాలేదు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే హిమోగ్లోబిన్ 9.6 ఉంది. ఆవిడ నా పరుగు లెక్క విని, తిండి లెక్క విని, "ఈ తిండి కూర్చుని పనిచేసేవాళ్ళకే చాలదమ్మా, నువ్వు పరిగెడుతున్నావు" అన్నారు.

దీన్ని చిన్న విషయం అనుకోకండి. చేసే శ్రమకి తగ్గ తిండి పడకపోతే ఎముకలు, హార్మోన్లు, నిద్ర, రోగనిరోధకశక్తి అన్నీ దెబ్బతింటాయని, ఆడవాళ్ళకే కాదు మగవాళ్ళకీ వస్తుందని 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు దీనికి విడిగా పేరే పెట్టారు. కష్టపడి సాధన చేసేవాళ్ళలో తిండి ఎక్కువై చెడినవాళ్ళ కన్నా తక్కువై చెడినవాళ్ళనే నేను ఎక్కువ చూశాను. అందుకే మీ ప్రశ్నలో "మానెయ్యాలా" అన్న మాట చూసి గుండె కలుక్కుమంది.

మళ్ళీ అన్నంలోకి నన్ను దించింది మా అత్తగారు. "ఊడుపులకి దిగేవాళ్ళు చద్దన్నం తినే కదమ్మా దిగేది, నీకెందుకా భయం?" అన్నారు. పరిగెత్తే కాళ్ళకి ఇంధనం కండరాల్లో దాచుకునే గ్లైకోజన్. అది తయారయ్యేది అన్నంలాంటి పిండిపదార్థం నుంచే. నూరు గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. పైగా మన డెల్టాలో పండే స్వర్ణ బియ్యం, మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029, రక్తంలో చక్కెరని మరీ వేగంగా పెంచే రకం కాదు. 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళు 235 రకాల బియ్యం పరీక్షిస్తే గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, 48 నుంచి 92 దాకా వచ్చింది. అందులో తక్కువ వైపు నిలిచిన వాటిలో స్వర్ణ ఉంది. మనూరి బియ్యానికి భయపడి పొట్లాల్లో ఓట్స్ కొనుక్కున్న రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక హోటళ్ళ సంగతి. మా వైపు 216 హైవే వెంట, కొబ్బరి తోటల మధ్య, ఊరి బయట ఎన్ని వెలిశాయో. పెద్ద షెడ్డు, పక్కన నాలుగు పాకలు, పిల్లలకి ఉయ్యాల, వెనకాల కట్టెల పొయ్యి. మా ఆదివారం పరుగు జట్టు ఏడుగురం. అందులో ఇద్దరు టీచర్లు, ఎరువుల కొట్టు ఉన్న ఒక అన్నయ్య, మిగిలినవాళ్ళు కాలేజీ పిల్లలు. మొదట్లో మేమూ మీలాగే శనివారం రాత్రి వెళ్ళేవాళ్ళం. ఒకసారి రాత్రి పదింటికి ఫ్రై పీస్ బిర్యానీ తిని, తెల్లారగట్ట నాలుగున్నరకి 22 కిలోమీటర్లకి బయల్దేరాం. ఏడో కిలోమీటరులోనే నాకు కడుపు పట్టేసింది. గట్టు పక్కన ఎవరింట్లోనో తలుపు కొట్టి బాత్రూం అడగాల్సి వచ్చింది. ఆ ఇంటావిడ మంచినీళ్ళిచ్చి, ఆటో పిలిపించి పంపించింది. హోటల్లో వంట బాగానే ఉంది, మిగిలినవాళ్ళు శుభ్రంగా పరిగెత్తారు. నూనె ఎక్కువున్న తిండి కడుపులోంచి కదలడానికి చాలాసేపు పడుతుంది. పొద్దున్నే కడుపు ఊగిపోయే పని పెట్టుకుని ముందురాత్రి అలాంటిది తినడమే నేను చేసిన తప్పు.

అప్పట్నుంచి హోటల్ని ఆదివారం మధ్యాహ్నానికి మార్చేశాం. పెద్ద పరుగు అయిపోయి ఉంటుంది, కండరాలన్నీ ఖాళీగా తిండి కోసం చూస్తుంటాయి, మర్నాడు విశ్రాంతి. అదే బిర్యానీ అప్పుడు ఒంటికి అక్కరకొస్తుంది. కానీ పరుగు ముగిసి మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా ఉండకండి, అది ఇంకో పొరపాటు. దారి కలిసొచ్చిన ఆదివారాల్లో మేం పరుగుని అంబాజీపేటలో ముగిస్తాం, పొట్టిక్కల కోసం. పనసాకులతో కుట్టిన బుట్టల్లో ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ, ఆకు వాసనతో. నూనె లేదు, వేడివేడిగా ఉంటుంది, కొబ్బరి పచ్చడితో నాలుగు తింటే ప్రాణం లేచొస్తుంది. పరుగు తర్వాత తినడానికి ఇంతకన్నా మంచిది నాకు కనపడలేదు.

హోటల్లో కూర్చున్నాక నేను చేసేది చెప్తాను. ముందు మజ్జిగ తెమ్మంటాను. కరకరలాడే ఆకలితో మెనూ పట్టుకుంటే చికెన్ 65, అపోలో ఫిష్ అంటూ వేపుళ్ళే నోటికొస్తాయి. అవి ఏడుగురికి ఒక ప్లేటు, రుచి చూడ్డానికి. తర్వాత తెల్లన్నం, దాంట్లోకి నాటుకోడి కూరో, కొర్రమేను పులుసో, రొయ్యల ఇగురో. గిన్నె పైన తేలే నూనెని గరిటెతో పక్కకి నెట్టి కింద ముక్కలు వేసుకుంటాను. పెద్ద చెంచాడు నూనెలో 120 కేలరీల దాకా ఉంటాయి, కడుపు నిండేది మాత్రం ఏం ఉండదు. బిర్యానీ ఇద్దరికి ఒకటి చెప్పి, పక్కన తెల్లన్నం, పెరుగు తెప్పించుకుంటాం. ఉలవచారు ఉంటే తప్పకుండా. తింటున్నంతసేపూ కబుర్లే, ఎవరి కాలు ఎక్కడ నొప్పి, ఎవరి షూ అరిగింది. ఆ రెండు గంటల కోసం వారమంతా ఎదురుచూస్తాను. ఒంటరిగా గదిలో ఉండి సాధన చేసే మీకు ఆ కలివిడి ఇంకా అవసరం.

పులస గురించి కూడా చెప్పాలి. గోదారికి ఎర్రనీళ్ళొచ్చాక సముద్రం నుంచి ఏటికి ఎదురీదుకుంటూ వస్తుంది కదా, సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆగస్టు నెలాఖరున హైదరాబాద్ మారథాన్. రెండో మారథాన్‌కి బుధవారం నాడు మా ఆడపడుచు యానాం నుంచి పులస పంపింది. వారం ముందు మసాలాలు మానేసిన దాన్ని, అయినా ఆ మధ్యాహ్నం రెండు ముక్కలు తెల్లన్నంలో తిన్నాను. గురువారం నుంచి మాత్రం పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు, అంతే. ఆదివారం ఏ ఇబ్బందీ రాలేదు. పోటీకి మూడు రోజుల ముందు నుంచి కొత్త హోటలు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, రోడ్డు పక్క పచ్చళ్ళు ఏవీ వద్దు. అంతకు ముందైతే ఇంత కట్టడి అక్కర్లేదు.

గదిలో వంటకి ఒక కుక్కరు, ఒక మూకుడు, చిన్న మిక్సీ ఉంటే చాలు. రాత్రి అలసిపోయి వచ్చాక చెయ్యగలిగిందే వంట, అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే రెండో వారానికే ఆర్డరు పెట్టేస్తారు. కుక్కర్లో కింద కందిపప్పు, టమాటాలు, పచ్చిమిర్చి, పై గిన్నెలో బియ్యం. నాలుగు కూతలు. దించాక పప్పులో ఉప్పు, చింతపండు పులుసు, చిన్న పోపు. ఆవకాయ ముక్క, నెయ్యి చుక్క. పక్కన రెండు ఉడికిన గుడ్లు. ఇదొక పూట భోజనం, అరగంట పని.

ఆదివారం సాయంత్రం చేపల మార్కెట్లో ఒలిచిన రొయ్యలు అరకిలో కొనుక్కోండి. వీపు మీది నల్లటి నరం తీసి, ఉప్పూ పసుపూ వేసి కడిగి, మూకుట్లో వాటి నీళ్ళు ఇగిరిపోయేదాకా ఉంచి దించెయ్యండి. సగం డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో పడెయ్యండి. వారం మధ్యలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేగనిచ్చి, లేత ఆనపకాయ ముక్కలు వేసి మూత పెడితే దాని నీళ్ళకే మగ్గుతుంది. చివర్లో రొయ్యలు, కారం వేసి ఐదు నిమిషాలు. ఎక్కువసేపు ఉంచితే రొయ్య రబ్బరులా అయిపోతుంది. ఆనపకాయ రొయ్యలు నేర్చుకుంటే బీరకాయ రొయ్యలు, ములక్కాడ రొయ్యలు వాటంతటవే వస్తాయి. చేపల పులుసు ఎలాగూ మర్నాడే రుచి, కాబట్టి ఒకసారి చేసుకుంటే రెండు రోజుల పని తీరుతుంది.

పొద్దున పరుగు తర్వాతకి పెసరట్టు. పెసలు రాత్రి నానేసి, అల్లం పచ్చిమిర్చితో రుబ్బితే పులియబెట్టే పనే లేదు. మరీ వేసవిలో అయితే రాత్రి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు తోడేసి మూత పెట్టండి. పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటే హాయిగా ఉంటుంది.

మాంసకృత్తుల లెక్క అడుగుతారని తెలుసు. గట్టిగా సాధన చేసేవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1.4 నుంచి 2 గ్రాములు అంటారు. నా బరువు 58 కిలోలు. మూడు గుడ్లు 18 గ్రాములు, పెసరట్లకి 75 గ్రాముల పెసలు అంటే ఇంకో 18, నూటయాభై గ్రాముల చేప 28, కందిపప్పు 50 గ్రాములకి 11, పెరుగూ పాలూ కలిసి 13. మొత్తం 88, నాకు సరిపోతుంది. మీరు 70 కిలోలుంటే కనీసం వంద దాకా కావాలి. మన చెరువులూ మన కోళ్ళఫారాలూ ఉండగా ఆ డబ్బాల ప్రోటీన్ పొడి తప్పనిసరి అని నేననుకోను. టీ మాత్రం భోజనం మీద తాగకండి, తిండిలో ఇనుము ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగి తాగండి. నాకు హిమోగ్లోబిన్ 12కి చేరడానికి డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలతోపాటు ఈ ఒక్క మార్పు కూడా పనికొచ్చింది.

ఒక్క మాట నీళ్ళ గురించి. మన ఉక్కపోతలో, ముఖ్యంగా కాలవలు కట్టేసే వేసవిలో, గంటన్నర పరుగుకి నేను కిలోన్నర తగ్గుతాను. అదంతా చెమటే, అంటే లీటరున్నర నీళ్ళు. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి, మీ లెక్క మీకు తెలుస్తుంది. కొబ్బరి బొండంలో పొటాషియం ఎక్కువే గానీ చెమటతో పోయే సోడియం తక్కువ. అందుకని బొండంతోపాటు ఉప్పేసిన మజ్జిగ ఒక గ్లాసు. బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి చెయ్యాలి. గంటన్నర దాటే పరుగుకి జేబులో ఖర్జూరాలు పెట్టుకోండి, బయల్దేరే ముందు ఒక చక్కెరకేళి.

శనివారం రాత్రి కార్యక్రమాన్ని ఆదివారం మధ్యాహ్నానికి మార్చమని స్నేహితులకి చెప్పి చూడండి. మావాళ్ళు మొదట ఒప్పుకోలేదు, రాత్రి గాలికి కూర్చోవడమే బావుంటుందన్నారు. ఇప్పుడు మా హోటలు వంటాయన ఆదివారం పదకొండింటికే ఫోను చేస్తాడు, "ఎంతమందొస్తున్నారమ్మా, ఏడుగురికీ పులుసు తీసి పక్కన పెట్టెయ్యనా?" అని.